బ్రాయిలర్ మేతలో ఫైటేజా, ఎంజైమ్ కాక్‌టెయిలా: ఏది మేలు?

సొంతంగా మేత ఆడించుకునే రైతులు పదేపదే అడిగే ప్రశ్న ఇది: ఒక్కదానికే డబ్బు పెట్టాలంటే ఫైటేజ్ కొనాలా, పలు ఎంజైములు కలిపిన కాక్‌టెయిల్ కొనాలా? మన మొక్కజొన్న-సోయా మేతకైతే ముందు ఫైటేజ్.

మొక్కజొన్న, సోయాల్లోని భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్‌గా బిగుసుకుని ఉంటుంది. కోడి అందులో చాలావరకు అరిగించుకోలేక రెట్టలో వదిలేస్తుంది. ఈ ఫైటేట్‌ను విడగొట్టి భాస్వరాన్ని విడిపించే ఎంజైమే ఫైటేజ్. గ్రాముకు 5,000 యూనిట్లున్న ఫైటేజ్‌ను టన్నుకు 100 గ్రాములు వేస్తే కిలో మేతకు 500 యూనిట్లు పడతాయి. దాంతో కోడికి సుమారు 0.12 శాతం భాస్వరం అదనంగా దక్కుతుంది కాబట్టి టన్నుకు 6 కిలోల దాకా డీసీపీ (భాస్వరం, కాల్షియం ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్) తగ్గించవచ్చు. డీసీపీ తగ్గించకుండా ఊరికే పైన కలిపితే ఆ ఖర్చు తిరిగి రావడం కష్టం.

ఎక్కువమంది తప్పేది కాల్షియం దగ్గరే. డీసీపీ తీసేశాం కదా అని సున్నపురాయి పొడి గుప్పిస్తారు. కాల్షియం మితిమీరితే పేగులో ఫైటేట్‌ను పట్టుకుని ఫైటేజ్‌కు అందనివ్వదు. 6 కిలోల డీసీపీతో పోయే కాల్షియం సుమారు 1.4 కిలోలు. అందులో కిలోకు పైగా, ఫైటేజ్ విడిపించే కాల్షియంతోనే తిరిగొస్తుంది. మిగతా లోటుకు కిలోలోపు పొడి చాలు.

రెండో ముప్పు వేడి. పెల్లెట్ మిల్లులో 80-85 డిగ్రీల ఆవిరికి కోటింగ్ లేని ఫైటేజ్ చాలావరకు చచ్చిపోతుంది. డీసీపీ తగ్గించి, ఎంజైమూ పోతే పిల్లల కాళ్లు వంకర్లు తిరుగుతాయి, ముక్కులు మెత్తబడతాయి. పెల్లెట్ చేయని పొడి (మాష్) మేతకు ఈ బెడద లేదు. 100 గ్రాములను నేరుగా మిక్సర్‌లో వేయకుండా ముందు 5 కిలోల మొక్కజొన్న రవ్వలో కలపండి. మేతలో వేసే పోషకం కోలిన్ క్లోరైడ్‌తో కలిపి మాత్రం నిల్వ ఉంచకండి, అది పీల్చే తేమకు ఎంజైమ్ పాడవుతుంది.

పీచును విడగొట్టే జైలనేజ్ ప్రధానంగా ఉండే కాక్‌టెయిళ్లు బాగా పనిచేసేది గోధుమ, బార్లీ మేతల్లో. పేగులో జిగట పుట్టించే పీచు మొక్కజొన్నలో తక్కువ. మొక్కజొన్న ధర పెరిగి నూనె తీసిన తవుడు, పొద్దుతిరుగుడు చెక్క ఎక్కువగా వేస్తున్నప్పుడు కొనొచ్చు. గ్వార్ కోర్మా (గోరుచిక్కుడు గింజల పిండి) వాడేవారు దాని జిగురును విడగొట్టే మాననేజ్ చూడండి. గ్రాముకు ఎన్ని యూనిట్లో రాయని ప్యాకెట్ వద్దు.

మాంసకృత్తులను అరిగించే ప్రోటీజ్ సంగతి: సోయా నాణ్యంగా ఉంటే లాభం స్వల్పమే.

రెండు మూడు ఎంజైములు కలిపేవారు లేబుళ్ల మీది శక్తి లెక్కలన్నీ కూడేసి నూనె తగ్గించకండి. కోడికి దక్కేది ఆ మొత్తం కంటే తక్కువే, ఫినిషర్‌ (చివరి దశ మేత)లో ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువు పెరగడానికి తినే మేత, పెరిగిపోతుంది.