సోలార్ సర్వే పేరుతో ఇంటి వివరాలన్నీ సేకరించేవారితో జాగ్రత్త

కడపలో మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించుకోవాలని చూస్తున్నవారు దయచేసి దీన్ని పూర్తిగా చదవండి.

గత నెలలో ఒక సోలార్ సంస్థ తరఫున వచ్చామంటూ ఇద్దరు యువకులు మా ఇంటికి వచ్చి, ఇంటి మిద్దె మీద సోలార్ పలకలకు కేంద్రం రాయితీ ఇచ్చే ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద సర్వే చేస్తున్నామని నాన్నగారికి చెప్పారు. మిద్దె కొలతలు తీసుకోవడం వరకు సబబే. కానీ గదులెన్ని, వెనుక వాకిలి ఎటువైపు ఉంది, పగటిపూట ఇంట్లో ఎవరుంటారు అని కూడా అడిగి రాసుకొని, నట్టింట్లో ఫోటోలు తీసి, ఆధార్, కరెంటు బిల్లు నకళ్లతో పాటు రిజిస్ట్రేషన్ రుసుము అంటూ 5,000 రూపాయలు తీసుకొని వెళ్లారు.

మాది దూలాల మీద కడప బండలు పరిచిన పాత మిద్దె. అటువంటి కప్పుకు బోల్టులు దించితే బండ పగలవచ్చు, సందుల్లోంచి వాన నీరు దిగవచ్చు. కాబట్టి నిజమైన సర్వే అయితే ముందుగా కప్పు బలాన్నే పరిశీలించాలి. వీరు ఆ బండలను కళ్లారా చూసి, ఫోటోలు తీసుకొని, డబ్బు చేతిలో పడ్డాక మాత్రమే మీ కప్పు పనికిరాదని ఫోనులో తేల్చారు. రుసుము తిరిగి ఇవ్వలేదు. అంతకన్నా బాధ కలిగించినది ఏమిటంటే, ఆ వారం నుంచే లీకేజీ మరమ్మతులు చేసేవారు, ఇంటి రుణాలు ఇప్పిస్తామనేవారు వరుసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. వారిలో ఒకరికి మా మిద్దె ఏ మూల కారుతుందో కూడా తెలుసు.

సోలార్ సర్వేకు కావలసినవి కొన్నే: ఎండ పడే ఖాళీ స్థలం (ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు), చుట్టూ పడే నీడ, కప్పు రకం, సర్వీసు నంబరు, మంజూరైన లోడు (ఇంటి కరెంటు కనెక్షన్‌కు అనుమతించిన సామర్థ్యం). గదులతో, వాకిళ్లతో, ఇంట్లోవారి రాకపోకలతో దానికి ఏ సంబంధమూ లేదు. దరఖాస్తును ఆ పథకపు జాతీయ పోర్టల్‌ (వెబ్‌సైట్)లో మనమే చేసుకొని, అక్కడ నమోదైన సంస్థల్లో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ, పలకలు బిగించి తనిఖీ పూర్తయిన తర్వాత నేరుగా మన బ్యాంకు ఖాతాలోనే పడుతుంది.

జనగణన సిబ్బంది కూడా నేల, గోడలు, పైకప్పు దేనితో కట్టారని అడుగుతారు. అయితే వారు గుర్తింపు కార్డు చూపిస్తారు, రుసుము అడగరు, ఆ సమాధానాలను 1948 నాటి జనగణన చట్టం గోప్యంగా ఉంచుతుంది. ఈ తేడాను ఇంట్లోని పెద్దవారికి ముందే వివరించి చెప్పండి, ఎందుకంటే ఇటువంటివారు వచ్చేది ఎక్కువగా వారు ఒంటరిగా ఉన్న వేళల్లోనే.

మేము 1915 వినియోగదారుల సహాయవాణికి ఫిర్యాదు చేశాము. ఇదే విధంగా డబ్బు కట్టినవారు రసీదు, ఫోన్ నంబర్లు, చెల్లింపు వివరాలు భద్రపరచుకొని తామూ ఫిర్యాదు చేయాలని కోరుతున్నాను. ఓటీపీ చెప్పి ఖాతాలో డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోన్ చేయండి.