అరకు పచ్చి కాఫీ గింజలు: మూడు సంచులు వేయించి చూశాక

హైదరాబాద్‌లో చిన్న రోస్టరీలు నడిపేవాళ్లకూ, ఇంట్లోనే కాఫీ వేయించుకునేవాళ్లకూ అరకు పచ్చిగింజ ఇప్పుడు కిలో, ఐదు కిలోల సంచుల్లో దొరుకుతోంది. ఈ సమీక్షకు తీసుకున్నవి మూడు: కడిగి ఆరబెట్టిన పెద్ద గింజల గ్రేడు ‘ప్లాంటేషన్ ఏ’, పండుతోనే ఎండబెట్టిన నేచురల్, కడిగిన పీబెర్రీ (పండులో రెండుకు బదులు ఒక్కటే పడే గుండ్రటి గింజ). ఒక్కోటి 5 కిలోలు. ఎక్కువ భాగం కిలో పట్టే గ్యాస్ డ్రమ్ములో, కొంత ఇనప మూకుడులో వేయించాం. మా మాట ముందే చెప్పేస్తాం. ప్లాంటేషన్ ఏ ధైర్యంగా కొనొచ్చు. నేచురల్‌ని శాంపిల్ వేయించి తాగకుండా కొనొద్దు. పీబెర్రీకి అడిగే అదనపు ధర దండగ.

సంచి మీద ‘అరకు’ అని ఉంటే చాలదు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కిందికి మన్యం కొండలతో పాటు పక్కనున్న ఒడిశా కొండ ప్రాంతం కూడా వస్తుంది. అంటే అనంతగిరి గింజకూ, చింతపల్లి గింజకూ, కొండకు అవతలివైపు గింజకూ ఒకటే పేరు. అందుకే అమ్మేవాళ్లను మూడు ప్రశ్నలు అడగాలి: ఏ మండలం, ఏ పంట కాలం, పల్పింగ్, అంటే పండు తోలు తీయడం, ఎక్కడ జరిగింది. మూడో ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన వ్యాపారి దగ్గర సంచి దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. మా మూడు సంచుల్లో ప్లాంటేషన్ ఏ మీద మాత్రమే మండలం, పంట కాలం రెండూ రాసి ఉన్నాయి. మిగతా రెండింటి మీద ప్యాక్ చేసిన తేదీ తప్ప ఇంకేమీ లేదు. పచ్చిగింజకు ప్యాకింగ్ తేదీ ఏ మాత్రం పనికిరాదు.

పల్పింగ్ గురించి ఇంతగా అడగడానికి కారణం ఉంది. మన్యంలో కాఫీ పెద్ద ఎస్టేట్ల పంట కాదు. ఒక్కో గిరిజన కుటుంబానికి ఉండేది ఎకరా, రెండెకరాలు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్ల మీదకే పాకిన మిరియం తీగలు. కోత నవంబరులో ఊపందుకుని జనవరి దాకా సాగుతుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతం వాయుగుండాలు, ఆ తర్వాత డిసెంబరు పొగమంచు. లంబసింగి వైపు పొద్దెక్కేదాకా ఎండ మొహం కనపడదు. పండు కోసిన రోజే తోలు తీయాలి. జిగురు వదలడానికి తొట్టిలో 24 నుంచి 36 గంటలు పులియబెట్టాలి. చలి ముదిరితే ఇంకాస్త పడుతుంది. గుప్పిట్లో పట్టి నలిపితే గింజ జారకుండా గరగరలాడాలి, అదే కడగడానికి సరైన సమయం. అక్కడ ఐదారు గంటలు ఆలస్యమైతే పులుపు గింజలోకి దిగుతుంది. కడిగిన పార్చ్‌మెంట్ (లోపలి గట్టి పొర ఇంకా ఉన్న గింజ) మంచి ఎండలో 8 నుంచి 10 రోజుల్లో ఆరుతుంది. తేమ 10, 11 శాతానికి దిగాలి. చెర్రీకి, అంటే పండుతోనే ఎండబెట్టే కాఫీకి, దానికి రెట్టింపు రోజులు కావాలి. మధ్యలో ఒక్క రాత్రి వాన పడి, పైన కప్పిన పట్టా కింద కుప్ప వేడెక్కిందంటే బూజు వాసన పట్టేస్తుంది. ఆ వాసన ఎంత నల్లగా వేయించినా పోదు.

ఇంటి పెరట్లో చేతి మరతో తోలు తీసిన పార్చ్‌మెంట్, ఊరూరా సేకరించి ఒకచోట కలిపితే తేమ ఒక్కో ఇంటిదీ ఒక్కోలా ఉంటుంది. పండే తెచ్చి ఒకే యూనిట్‌లో తోలు తీసి, నేలకు ఎత్తుగా కట్టిన వల మంచాల మీద ఆరబెడితే ఈ తేడా తగ్గుతుంది. వేయించేటప్పుడు పేలుడు, అంటే వేడికి గింజ చిట్లే చప్పుడు, వినే చెవికి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకో రెండు సంగతులు కూడా సంచిలోకి వస్తాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను నీడ చెట్లను పెద్ద ఎత్తున పడగొట్టింది. సిల్వర్ ఓక్ మళ్లీ ఎదిగి గొడుగు పట్టాలంటే ఏళ్లు పడుతుంది. నీడ పల్చబడిన చోట పండు తొందరపడి ఎర్రబడుతుంది, గింజ మాత్రం నిండదు. ఇక కాయతొలుచు పురుగు. మన దేశంలో దీన్ని మొదట 1990లో గూడలూరు దగ్గర గుర్తించారు. అరకు ప్రాంతంలో 2025లో బయటపడింది. కాయ కొన దగ్గర సూదితో పొడిచినట్టు చిన్న బెజ్జం పెట్టి లోపలికి వెళ్తుంది. ఆ బెజ్జం గింజ మీద కూడా కనిపిస్తుంది. ఇకమీదట అరకు సంచి కొనేవాళ్లు బెజ్జాలు లెక్కపెట్టడం అలవాటు చేసుకోవాలి.

లెక్కపెట్టే పద్ధతి కష్టమేమీ కాదు. 350 గ్రాములు తూచి, తెల్లకాగితం మీద పరిచి, పగటి వెలుతురులో ఏరాలి. స్పెషాలిటీ (మేలురకం) అని పిలవాలంటే ఆ 350 గ్రాముల్లో పూర్తి నల్ల గింజ, పూర్తి పులుపు గింజ (అతిగా పులిసి రంగు మారినది) ఒక్కటీ ఉండకూడదు. చిన్న లోపాలు అన్నీ కలిపి 5 లెక్కకు మించకూడదు. మా ప్లాంటేషన్ ఏ ఈ పరీక్షలో నెగ్గింది: నాలుగు విరిగినవి, ఆరు బెజ్జం గింజలు, నల్లవి లేవు. విరిగినవి ఐదైతే ఒక లోపం, స్వల్పంగా బెజ్జం పడ్డవి పదైతే ఒక లోపం అని లెక్క కాబట్టి భయం లేదు. నేచురల్‌లో రెండు పూర్తి నల్లవి, తొమ్మిది గోధుమరంగు పులుపు గింజలు వచ్చాయి. ఆ లెక్కతోనే అది స్పెషాలిటీ అన్న మాట చెల్లదు, సంచి మీద మాత్రం పెద్ద అక్షరాలతో అదే రాసి ఉంది.

కంటికి మరో రెండు గుర్తులు. కడిగిన గింజ కొత్త పంటైతే నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది, పాతబడే కొద్దీ గడ్డి రంగుకు తిరుగుతుంది. ముక్కుకు పచ్చి బఠానీ వాసన తగిలితే మంచిదే. గోనె వాసన, తడి గోడ వాసన వస్తే సంచి వెనక్కి ఇచ్చేయండి. ప్లాంటేషన్ ఏ అన్నప్పుడు గింజలో ఎక్కువ భాగం 6.65 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలవాలి. మాది నిలిచింది.

ఇప్పుడు వేయించడం. అరకు కాఫీ ఎక్కువగా 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తులో పండుతుంది. రెండు వేల మీటర్ల ఇథియోపియా గింజంత గట్టిది కాదు. ఆ గింజకు అలవాటుపడ్డ మంటనే దీనికీ పెడితే అంచులు మాడి, నడుమ పచ్చిగా మిగిలిపోతుంది. 800 గ్రాముల బ్యాచ్‌కు డ్రమ్ము 190 డిగ్రీల దగ్గర ఉండగా గింజ పోశాం. 205 దగ్గర పోసిన మొదటి బ్యాచ్‌లో గింజల చివర్లు నల్లగా కాలాయి. పోసిన నిమిషంన్నరకు ఉష్ణోగ్రత కిందికి దిగి మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. ఐదో నిమిషానికి పసుపు రంగు, తొమ్మిదో నిమిషానికి 197 దగ్గర మొదటి పేలుడు. పేలుడు మొదలయ్యాక 1 నిమిషం 40 సెకన్లు ఉంచి 209 దగ్గర దించాం. మొత్తం 10 నిమిషాల 40 సెకన్లు. బరువు 14.5 శాతం తగ్గింది. మీ యంత్రంలో సెన్సర్ ఎక్కడుందన్నదాన్ని బట్టి డిగ్రీలు ఐదారు అటూ ఇటూ అవుతాయి, కాబట్టి రంగునూ చప్పుడునూ నమ్ముకోండి.

చప్పుడు దగ్గరే అరకు గింజ అసలు పరీక్ష పెడుతుంది. ఒకే తోట గింజైతే పేలుళ్లు దగ్గర దగ్గరగా, మూకుడులో పేలాలు వేగినట్టు గబగబా వస్తాయి. పది ఇళ్ల పార్చ్‌మెంట్ కలిసిన చోట అక్కడొకటి ఇక్కడొకటిగా మొదలై రెండు నిమిషాలు సాగుతాయి. మొదటి రెండు మూడు చప్పుళ్లకే గడియారం నొక్కితే సగం గింజ పచ్చిగా దిగిపోతుంది, కప్పులో గడ్డి రుచి వస్తుంది. వరుసగా వినిపించడం మొదలయ్యాకే లెక్క మొదలుపెట్టాలి. పేలుడుకు అర నిమిషం ముందే మంట కాస్త తగ్గించాలి, కానీ ఉష్ణోగ్రత ఎక్కడం ఆగిపోకూడదు. ఆగితే గింజ వేగదు, కాలుతున్న పొయ్యి మీద ఊరికే ఎండుతుంది. అప్పుడు కాఫీ రొట్టె ముక్క నానబెట్టిన నీళ్లలా చప్పగా ఉంటుంది. ఈ తప్పు ప్రతి కొత్త రోస్టరూ చేస్తారు, గింజ బాగాలేదని వదిలేస్తారు. గింజ తప్పేమీ ఉండదు.

దించాక చల్లారిన గింజల్లో పాలిపోయి, వేరుశనగ రంగులో మిగిలినవి కనిపిస్తాయి. పచ్చికాయ కోసిన పాపం అది. రోస్టర్లు వాటిని క్వేకర్లంటారు. ఏరి పారేయండి, నాలుగైదు చాలు ఒక కప్పు పాడుచేయడానికి.

నేచురల్‌కు 182 దగ్గర పోసి, ఏడో నిమిషంలోనే మంట తగ్గించాలి. దాని ఒంటిని పట్టుకున్న పొట్టు ఎక్కువ, దానికి నిప్పు త్వరగా అంటుకుంటుంది. పొట్టు పోగయ్యే సైక్లోన్ డబ్బా ప్రతి రెండు బ్యాచ్‌లకూ ఖాళీ చేయకపోతే పొగ వెనక్కి తన్ని కాఫీకి పట్టేస్తుంది. జాగ్రత్తగా వేయించిన బ్యాచ్‌లో రేగొడియాల రుచి స్పష్టంగా వచ్చింది, నిజంగా బాగుంది. అదే సంచి అడుగు నుంచి తీసిన బ్యాచ్ మాత్రం మిగలపండిన అరటిపండులా ఉంది. ఒకే సంచిలో ఇంత తేడా వస్తే దుకాణానికి అది పనికిరాదు. ప్లాంటేషన్ ఏ అన్ని బ్యాచ్‌ల్లోనూ ఒకేలా నిలిచింది: మొదట బత్తాయి పులుపు, చల్లారే కొద్దీ బెల్లం, చివర్లో పల్చటి కోకో. పీబెర్రీ రుచిలో దీనికి తోబుట్టువే. గుండ్రంగా ఉండటం వల్ల డ్రమ్ములో బాగా దొర్లి సమానంగా వేగింది, 20 సెకన్లు ముందే పేలింది. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

డికాక్షన్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో ఈ గింజ ఎక్కువగా చేరేది పాలలోకే. పాలకు తట్టుకోవాలని చాలామంది రెండో పేలుడు దాటించి, నూనె తేలేదాకా మాడుస్తారు. 224 దాటిన అరకు గింజకూ మరే గింజకూ తేడా ఉండదు, కొన్న డబ్బంతా చిమ్నీలో పోయినట్టే. 216 దగ్గర, రెండో పేలుడుకు ముందే దించండి. ఘాటు కావాలంటే కడిగిన రోబస్టా (ఘాటైన మరో కాఫీ రకం) 25 శాతం కలపండి. చికోరీ వేసేటట్టయితే 15 శాతం దగ్గర ఆగండి. 30 శాతం చికోరీ కింద బత్తాయి పులుపును వెతుక్కోవడం వృథా.

ఇంట్లో మూకుడులో చేసేవాళ్లు 200 గ్రాములకు మించి వేయొద్దు. మందపాటి ఇనప మూకుడు, మధ్యస్థ మంట, చెక్క గరిటె, ఒక్క క్షణం ఆపని చెయ్యి. ఆరో నిమిషానికి పసుపు, పదకొండు పన్నెండు మధ్య పేలుడు, పదమూడున్నరకు దింపడం. 200 గ్రాములు 170కి వస్తే సరిగ్గా వేగినట్టు. 176 ఉంటే లోపల ఇంకా పచ్చి. వెంటనే చేటలో పోసి ఫ్యాన్ కింద చెరిగితే పొట్టూ పోతుంది, నాలుగు నిమిషాల్లో చల్లారుతుంది కూడా. మూకుడులో అలాగే వదిలేస్తే దాని వేడికే మరో రెండు మెట్లు నల్లబడుతుంది. నేచురల్‌ని మూకుడులో వేయించకండి, పొట్టు అడుగున మాడి మసి వాసన పడుతుంది.

ధర చూసేటప్పుడు పచ్చిగింజ ధరతో మోసపోవద్దు. ప్లాంటేషన్ ఏ కిలోలో ఏరగా 960 గ్రాములు మిగిలింది, వేగాక 820, క్వేకర్లు తీశాక 805. అంటే కొన్న ధరను 1.24తో హెచ్చవేస్తే వేయించిన కిలో అసలు ఖరీదు తేలుతుంది, గ్యాసూ శ్రమా పైన. నేచురల్‌కు అదే లెక్క 1.35 వచ్చింది. కిలోకు తక్కువ ధరకు దొరికిన నేచురల్, ఈ లెక్క వేశాక ప్లాంటేషన్ ఏ కన్నా ఖరీదైనదిగా తేలింది.

కప్పులో రుచి ఇంకా తేలకపోతే నీళ్లు చూడండి. అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కఠినంగా ఉండి బత్తాయి పులుపును పూర్తిగా మింగేస్తాయి. ఆర్ఓ నీళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 30 కింద ఉంటే కాఫీ పల్చగా, గుచ్చుకునేలా ఉంటుంది. రెండూ కలిపి మీటరు మీద 80, 120 మధ్యకు తెచ్చుకుంటే సరిపోతుంది. 15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్లు, 93 డిగ్రీలు. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి కాబట్టి, పొయ్యి ఆపి ఒక నిమిషం ఆగితే ఆ వేడికి వస్తుంది. వేయించిన రోజే తాగొద్దు. నలుపు కాఫీకి ఐదు రోజులు, డికాక్షన్‌కు మూడు రోజులు ఆగాలి.

కొత్త పంట పొట్టు తీయించుకుని నగరానికి చేరేది మార్చి, మే మధ్య. అప్పుడు కొని, గాలి చొరని లోపలి కవరుతో, వంటింటి అటక మీద కాకుండా నేల దగ్గర చల్లటి గదిలో పెట్టండి. అటక మీద మే నెల వేడికి మూడు వారాల్లో గింజ రంగు మారింది. జూన్ తర్వాత గోనెసంచిలో విడిగా ఉన్న సరుకు కొనాల్సివస్తే తేమ మీటరు పెట్టించి చూడండి. 12.5 దాటితే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి.