ఆటోక్యాడ్ మ్యాప్ 3డిలోకి షేప్‌ఫైళ్లు: విశాఖ లేఅవుట్ పనుల్లో కొన్నేళ్ల వాడకం తర్వాత

విశాఖలో లేఅవుట్లు, రోడ్డు ప్లాన్లు గీసేవాళ్ల చేతికి ఇప్పుడు కాగితం మ్యాపులు రావడం బాగా తగ్గింది. గ్రామ సరిహద్దులు, సర్వే నంబర్లు, కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు), తీరం వెంబడి హైటైడ్ లైన్ (సముద్రపు పోటు చేరే హద్దు), అన్నీ షేప్‌ఫైళ్లుగానో (మ్యాప్ గీతలు, వాటి వివరాలు కలిసి ఉండేవి) కేఎంఎల్‌గానో (గూగుల్ ఎర్త్ వాడే ఫైల్) వాట్సాప్‌లో వచ్చేస్తున్నాయి. వాటిని డ్రాయింగ్‌లోకి తెచ్చుకోవడానికి నేను కొన్నేళ్లుగా, మ్యాపుల పని కోసం వచ్చిన ఆటోక్యాడ్ మ్యాప్ 3డిలో ఉండే మ్యాప్‌ఇంపోర్ట్ కమాండ్ వాడుతున్నాను. సివిల్ 3డిలోనూ ఇదే ఉంటుంది. మామూలు డ్రాఫ్టింగ్‌కి వాడే ఆటోక్యాడ్ ఎల్‌టీలో ఉండదు. నా మాట ముందే చెప్తాను: పని నిజంగా ఆదా చేస్తుంది, కానీ కోఆర్డినేట్ సిస్టమ్ (భూమి మీది చోటును అంకెల్లో చెప్పే పద్ధతి) సంగతి తెలిసినవాళ్లకే.

ఎందుకంటే, ఖాళీ డ్రాయింగ్‌లో కోఆర్డినేట్ సిస్టమ్ ఇవ్వకుండా ఇంపోర్ట్ కొట్టినా గీతలు వచ్చేస్తాయి. ఎర్రర్ ఏమీ రాదు. ఫైల్ అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే నగరమంతా ఎక్స్ 83, వై 17 దాటాక ఎక్కడో ఒక యూనిట్ కూడా లేని చుక్కలా పడుతుంది. దాన్ని స్కేల్ చేసి, జరిపి, మన ప్లాన్ మీద కూర్చోబెట్టే వాళ్లను చాలామందిని చూశాను. చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది, కొలిస్తే ఎక్కడా సరిపోదు.

సరైన పద్ధతి కష్టమేం కాదు. ముందు మ్యాప్‌సీఎస్‌అసైన్ కమాండ్‌తో డ్రాయింగ్‌కి యూటీఎం84-44ఎన్ ఇవ్వాలి, ఆ తర్వాతే ఇంపోర్ట్. యూటీఎం అంటే భూమిని నిలువు జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి, విశాఖ అందులో 44వ జోన్‌లో ఉంది. ఆర్కే బీచ్ దగ్గర ఒక పాయింట్ మీద ఐడీ కమాండ్ కొడితే ఎక్స్ ఏడున్నర లక్షలకు కాస్త తక్కువగా, వై 19.6 లక్షల దగ్గర రావాలి. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం టెన్షన్ పోతుంది. శ్రీకాకుళం జిల్లా పనులకు మాత్రం జాగ్రత్త. 84 డిగ్రీల రేఖాంశం దాటగానే 45వ జోన్ మొదలవుతుంది కాబట్టి టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం అటువైపుకి పోతాయి. డ్రాయింగ్ 44లో, ఫైల్ 45లో ఉన్నా మ్యాప్‌ఇంపోర్ట్ తనంతట తానే మార్చి సరైన చోట పెడుతుంది. ఈ కమాండ్ మీద నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.

అయితే అలా మార్చాలంటే ఫైల్ ఏ సిస్టమ్‌లో ఉందో దానికి తెలియాలి. ఆ వివరం పీఆర్‌జే ఫైల్‌లో ఉంటుంది. షేప్‌ఫైల్ అంటే ఒక్క ఫైల్ కాదు. గీతలకు ఎస్‌హెచ్‌పీ, సూచికకు ఎస్‌హెచ్‌ఎక్స్, వివరాల పట్టికకు డీబీఎఫ్ తప్పనిసరి, పీఆర్‌జే లేకపోయినా ఫైల్ తెరుచుకుంటుంది. అందుకే పంపేవాళ్లు దాన్ని వదిలేస్తారు. అది లేకుండా వచ్చిన ఫైల్‌ని నేను ముట్టుకోను, మొత్తం జిప్ చేసి మళ్లీ పంపమంటాను. పాత టోపోషీట్ల నుంచి ట్రేస్ చేసిన ఫైళ్లు ఎవరెస్ట్ డేటమ్‌లో (భూమి ఆకారానికి పాత సర్వేలు వాడిన లెక్క) ఉండొచ్చు. వాటిని ఇప్పుడు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 అనుకుని తెస్తే మన దగ్గర రెండొందల మీటర్ల చుట్టుపక్కల తేడా పడుతుంది. భీమిలి రోడ్డులో ఒక స్థలం హైటైడ్ లైన్ నుంచి 500 మీటర్ల సీఆర్‌జెడ్ (కట్టడాలపై ఆంక్షలుండే తీర ప్రాంతం) పరిధి లోపల ఉందా, బయట ఉందా అని తేల్చే చోట రెండొందల మీటర్లంటే ఒక కుటుంబం పెట్టిన డబ్బంతా.

ఇంకో తేడా ఉంది, సాఫ్ట్‌వేర్ తప్పు కాదు కానీ చాలామంది దానిమీదే నెడతారు. యూటీఎంలో జోన్ మధ్య రేఖ దగ్గర స్కేల్, అంటే నేల మీది ఒక మీటరు డ్రాయింగ్‌లో ఎంతవుతుందన్న లెక్క, 0.9996. మన జోన్ మధ్య రేఖ 81 డిగ్రీలు. విశాఖ దానికి తూర్పుగా రెండు డిగ్రీలకు పైనే ఉంది కాబట్టి ఇక్కడ స్కేల్ ఒకటి దాటిపోతుంది. నేల మీద టోటల్ స్టేషన్‌తో (సర్వే పరికరం) కిలోమీటరు కొలిస్తే డ్రాయింగ్‌లో దాదాపు 30 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఇంటి స్థలానికి దీనితో పనిలేదు. పొడవాటి రోడ్డుకి, పైప్‌లైన్‌కి మాత్రం గ్రిడ్ (డ్రాయింగ్‌లోని) కొలతా, నేల కొలతా అన్నది ముందే డ్రాయింగ్ మీద రాసిపెట్టాలి.

బాగా నచ్చినవి చెప్పాలంటే, ఆబ్జెక్ట్ డేటా. ఇంపోర్ట్ చేసేటప్పుడు ఆ టిక్ పెడితే ప్రతి కమతంతో పాటు దాని సర్వే నంబరు, విస్తీర్ణం కూడా డ్రాయింగ్‌లోకి వస్తాయి. డీఎక్స్‌ఎఫ్ అనే డ్రాయింగ్ ఫైల్‌గా మార్చి తెచ్చుకుంటే ఉత్త గీతలే మిగిలి, నంబర్లన్నీ చేత్తో టైప్ చేసుకోవాల్సి వస్తుంది. పట్టికలోని ఒక కాలమ్‌ని బట్టి లేయర్లు విడగొట్టే సౌకర్యం ఉంది. కాంటూర్లను ఎత్తుల వారీగా వేరు చేయడానికి నేను దాన్నే వాడతాను. సింహాచలం కొండల కాంటూర్ ఫైల్ మొత్తం దించితే సిస్టమ్ మొరాయిస్తుంది, మనకు కావలసిన ముక్క చుట్టూ విండో గీసి అంతవరకే తెచ్చుకోవచ్చు. పాలిగాన్లను క్లోజ్డ్ పాలీలైన్లుగా తెచ్చే టిక్ కూడా మర్చిపోకండి. లేకపోతే ఎంపాలిగాన్లుగా వస్తాయి, వాటితో మామూలు ఎడిటింగ్ నడవదు.

తెలుగులో రాసిన గ్రామాల పేర్లు మాత్రం నాకు ఎక్కువసార్లు పిచ్చి గుర్తులుగానే వచ్చాయి. డీబీఎఫ్ పాతకాలపు పద్ధతి, కాలమ్ పేరే పది అక్షరాలు దాటనివ్వదు. గ్రామం కోడ్ ఉన్న కాలమ్ అడిగి తెప్పించుకుంటే ఆ గొడవ తప్పుతుంది. కేఎంఎల్‌ని మ్యాప్‌ఇంపోర్ట్ తీసుకోదు. ఉచితంగా దొరికే మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరిచి షేప్‌ఫైల్‌గా సేవ్ చేసుకుంటాను. ఉపగ్రహ చిత్రం మీద చేత్తో గీసిన కేఎంఎల్ అయితే దారి చూసుకోవడానికే, హద్దులకు వద్దు.

ఒకసారి ఇంపోర్ట్ అయ్యాక అసలు ఫైల్‌తో సంబంధం తెగిపోతుంది. అవతల సర్వే నంబరు సబ్‌డివిజన్ అయితే మన డ్రాయింగ్‌కి తెలియదు. అలా మారుతూ ఉండే డేటాకు, అసలు ఫైల్‌తో లింకు ఉంచే మ్యాప్‌కనెక్ట్ కమాండ్ మేలు, చూడటానికీ రంగులు వేయడానికీ బాగుంటుంది. ప్లాట్లు విడగొట్టాలంటే మాత్రం మళ్లీ ఇంపోర్టే.

ఏడాదికి ఒకటి రెండు సార్లు అవసరపడే వాళ్లు దీని సబ్‌స్క్రిప్షన్ కట్టనక్కర్లేదు, క్యూజీఐఎస్ నుంచి డీఎక్స్‌ఎఫ్ తీసుకుంటే పని జరిగిపోతుంది. రోజూ ఇదే పని అయితే తీసుకోండి. డ్రాయింగ్ బయటికి పంపే ముందు సర్వే నంబర్లను టెక్స్ట్‌గా పెట్టి పంపండి. అవతలివాళ్ల దగ్గర ఎల్‌టీ ఉంటే ఆబ్జెక్ట్ డేటా వాళ్లకు కనిపించదు.