చూపును తిప్పే చప్పుడు, వణుకు: ప్లేస్టేషన్ వీఆర్2తో రెండేళ్లు

2023 ఫిబ్రవరి 22న విడుదలైన ప్లేస్టేషన్ వీఆర్2ను, అంటే కళ్లను కప్పేలా తలకు తొడుక్కుని ఆడే సోనీ వారి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌ను, నేను వాడడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. తెర నాణ్యత గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక దాని జోలికి పోను. చుట్టూ లోకమంతా ఉన్నా ఒకసారికి సుమారు 110 డిగ్రీల మేరకే కనిపించే ఈ పరికరంలో, కనబడని వైపు తిరగాలని మనకు ఎలా తెలుస్తుందన్నదే ఇక్కడి విషయం.

తెరపై బాణం గుర్తు పెడితే పని జరుగుతుంది గానీ, ఆ క్షణంలో మనం ఆటను వదిలి బాణాన్ని చూస్తాం. శబ్దంతో ఆ ఇబ్బంది లేదు. గ్రాన్ టురిస్మో 7 అనే కారు పందేల ఆటలో వెనుక కారు ఎడమ పక్కకు దూరుతుంటే దాని ఇంజిన్ మోత ఎడమ చెవికి జరుగుతుంది. అద్దం చూడాలని అనుకునేలోపే మెడ అటు తిరిగి ఉంటుంది. కుడి ఎడమల విషయంలో నేను పొరబడింది ఒక్కసారే, అదీ ఇయర్‌బడ్లను తారుమారుగా పెట్టుకున్న రోజు. ముందు వెనుకల సంగతి వేరు. శబ్దం సరిగ్గా ముందు నుంచి వచ్చినా, సరిగ్గా వెనుక నుంచి వచ్చినా రెండు చెవులకూ ఒకేసారి చేరుతుంది. తేడాను పట్టించేది చెవి డొప్ప ఆకారం వల్ల ధ్వనిలో వచ్చే చిన్న మార్పే, ఆ ఆకారమేమో మనిషి మనిషికీ మారుతుంది. అందుకే మొదట్లో వెనుక అడుగుల చప్పుడు వినిపిస్తే ఎదుటి తలుపు వైపు చూస్తూ నిలబడిపోయేవాణ్ని. తలను కాస్త అటూ ఇటూ కదిపితే ఆ తికమక తీరిపోతుందని గ్రహించడానికి నాకు వారం పట్టింది.

హెడ్‌సెట్‌లో వణుకు పుట్టించే మోటారు ఒక్కటే కనుక అది దిక్కు చెప్పలేదు, ‘ఇప్పుడే’ అని మాత్రం చెబుతుంది. ఏదైనా తల పక్కనుంచి దూసుకుపోయినప్పుడు రివ్వుమన్న శబ్దంతోపాటు నుదుటి మీద వణుకు కలిస్తే తిరగకుండా ఉండలేం. చేతిలోని కంట్రోలర్లు విడివిడిగా కంపిస్తాయి గానీ, నా అనుభవంలో అవి చూపును చేతుల వైపే లాగుతాయి, దూరానికి కాదు. పైగా చీటికీ మాటికీ కంపించే ఆటల్లో అరగంటకే చేయి వాటిని పట్టించుకోవడం మానేస్తుంది. హెడ్‌సెట్‌ను కంప్యూటర్‌కు కలిపేందుకు 2024 ఆగస్టులో వచ్చిన పీసీ అడాప్టర్‌తో ఆడితే హెడ్‌సెట్ కంపనం ఉండదు. ఆ మోటారు నాకు ఎంత పని చేసిపెడుతోందో అలా ఆడినప్పుడే తెలిసింది.

పరికరంలో లేని రెండు సంకేతాలను నేనే కల్పించుకున్నాను. టీవీ పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను. గాలి ముఖానికి తగిలితే టీవీ వైపు తిరిగి ఉన్నట్టు. గది మధ్యలో కొబ్బరి పీచు పట్ట వేసి చెప్పులు లేకుండా ఆడతాను; అరికాలికి నున్నటి గచ్చు తగిలిందంటే పక్కకు జరిగిపోయినట్టు. దగ్గరికి వెళ్తే హెడ్‌సెట్ హెచ్చరించే ఆట సరిహద్దును ఆశకొద్దీ బీరువా దాకా గీసుకున్నది నేనే. ఇంట్లోవాళ్లు ఆ పట్టను దులిపి ఎండలో వేసిన రోజునే నా కుడి చేతి వేళ్లు బీరువా తలుపుకు కొట్టుకున్నాయి.