పనోప్లీ: పర్లాకిమిడిలో కూర్చుని వాన లెక్కలు చూడ్డానికి

నాసా గాడ్డర్డ్ అంతరిక్ష అధ్యయన సంస్థ ఉచితంగా ఇచ్చే పనోప్లీని కొన్నేళ్లుగా వాడుతున్నాను. వాతావరణ లెక్కలు దాచే నెట్‌సీడీఎఫ్, హెచ్‌డీఎఫ్, గ్రిబ్ రకం ఫైళ్లలోని డేటాను మ్యాపు మీద చూపించే డెస్క్‌టాప్ అప్లికేషన్ ఇది. నాకు దాంతో ఉన్న పనల్లా ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ఎప్పుడెంత వాన పడిందో డిగ్రీ పిల్లలకు చూపించడం. 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ గళ్లుగా, ఏడాదికో ఫైలు చొప్పున భారత వాతావరణ విభాగం పుణె నుంచి ఇస్తోంది. ఆ ఫైలు తెరవడానికి ఇంతకన్నా తేలికైనది నాకు దొరకలేదు.

ఇన్‌స్టాలేషన్ అంటూ పెద్దగా ఏమీ లేదు. కంప్యూటర్లో దాన్ని నడిపే జావా సాఫ్ట్‌వేర్ 11 గానీ ఆ పైది గానీ ఉండాలి. జిప్ విప్పి, అందులోనే వచ్చే జార్స్ ఫోల్డర్‌ను ప్రోగ్రామ్ పక్కనే ఉంచి నడిపితే చాలు. ప్రోగ్రామ్ ఫైలు ఒక్కదాన్నే డెస్క్‌టాప్ మీదికి లాగేసి "సార్, ఇది తెరుచుకోవట్లేదు" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. షార్ట్‌కట్ పెట్టుకోండ్రా అంటాను.

అసలు పని సెట్టింగుల్లో ఉంది. ముందుగా వచ్చేది ప్రపంచ పటం. అందులో మన జిల్లా ఎక్కడుందో వెతుక్కోవాలి. ప్రొజెక్షన్‌లో (పటం గీసే పద్ధతి) ఈక్విరెక్టాంగ్యులర్ రీజనల్ ఎంచుకుని, కేంద్రం రేఖాంశం 84, అక్షాంశం 19 ఇచ్చి, వెడల్పు, ఎత్తు నాలుగైదు డిగ్రీలకు తగ్గిస్తే గుణుపురం నుంచి కళింగపట్నం దాకా వంశధార దారి మొత్తం తెర మీదికొస్తుంది.

ఆ తర్వాత ఇంటర్‌పొలేట్, అంటే గళ్ల మధ్య రంగుల్ని నునుపు చేసే సెట్టింగు, ఆపేయాలి. ఇక్కడ నేను మొండిగానే ఉంటాను. అది నడుస్తుంటే రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఊరూరికీ కొలత ఉందేమో అనిపిస్తుంది. నిజానికి ఒక్కో గడి దాదాపు 27 కిలోమీటర్లు, అందులో కొండా ఉంటుంది, వరి పొలమూ ఉంటుంది. పైగా గడిలోని అంకే రెయిన్‌గేజ్ కొలతల నుంచి లెక్కగట్టింది. దాన్ని మళ్లీ నునుపు చేస్తే చూడ్డానికి బాగుంటుంది, అంతే. "మాస్టారూ, మా ఊర్లో ఆ రోజు అంత వాన పడిందేటి?" అని కాశీనగరం వైపు రైతు అడిగితే, గళ్లు గళ్లుగా ఉన్న బొమ్మ చూపించి "ఇది మీ ఊరొక్కదాని లెక్క కాదు బాబూ" అని చెప్పడం సులువు.

రంగుల స్కేలు కూడా మనమే బిగించాలి. రోజు మార్చినప్పుడల్లా, స్కేలును ఆ రోజు అంకెలకు సరిపెట్టే ఫిట్ టు డేటా నొక్కుతూ పోతే చినుకుల రోజూ తుపాను రోజూ ఒకే ముదురు రంగులో కనిపిస్తాయి. నేను సున్నా నుంచి 250 మిల్లీమీటర్లు పెట్టి వదిలేస్తాను. 64.5 దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ అని వాతావరణ విభాగం లెక్క. ఈ మూడూ ఆ స్కేల్లో విడివిడిగా తెలుస్తాయి.

తితిలీ తుపాను 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. పిల్లలు తిన్నగా 11వ తేదీకి వెళ్లి ఆగిపోతారు. ఈ డేటాలో తేదీ అంటే ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటలు. 11న పొద్దున్న ఎనిమిదిన్నర తర్వాత కురిసిందంతా 12వ తేదీ గడిలో ఉంటుంది, కాబట్టి రెండూ తెరవాలి. రెండు రోజుల్ని ఒకే ప్లాట్‌లో కలిపి మొత్తం చూపించే వీలుంది, తేడా కూడా తీస్తుంది. బొమ్మ పక్కనే ఉన్న ఎర్రే ట్యాబ్ నొక్కితే అసలు అంకెలు పట్టికగా వస్తాయి. రంగు మీద అనుమానం వచ్చినప్పుడల్లా నేను చూసేది దాన్నే.

జిల్లా సరిహద్దులు మాత్రం పనోప్లీతోపాటు రావు. ఎక్కడ గజపతి అయిపోయి శ్రీకాకుళం మొదలైందో కనపడదు. నోటీసు బోర్డుకి మ్యాపు కావాలంటే అదే ఫైలును క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్లో తెరిచి గీతలు వేసుకుంటాను. అక్కడ పని ఎక్కువ. రోజువారీ చూడ్డానికైతే మళ్లీ పనోప్లీకే వస్తాను.