బోర్డు లేని హోటలు, కడప: ఇక్కడ ఒక్కసారే అడుగుతారు

రుచి సంగతి ఒక్కటే కావాలంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. కారం దోసె చాలా బాగుంటుంది. ఉగ్గాని పర్వాలేదు, దాని పక్కన ఇచ్చే బజ్జీ మాత్రం వేడి మీదే తినేయాలి. చట్నీ తొమ్మిదిన్నర దాటిందంటే నీళ్లే. 5కి 4 ఇస్తా. అయితే నేను మూడు నెలల్లో 40 సార్లకు పైగా అక్కడికి పోయింది దోసె కోసం కాదు. పండగ వస్తోందంటే వారం ముందు నుంచే కడుపులో తిప్పేవాళ్లు, నలుగురి మధ్య ఆకు ముందు కూర్చుంటే గొంతు బిగుసుకుపోయేవాళ్లు నాలాగా ఇంకా ఉంటారు. ఇది వాళ్ల కోసం.

కోటిరెడ్డి సర్కిల్ నుంచి స్టేషన్ వైపు నడిస్తే ఒక సందులో ఉంటుంది. మూడు బల్లలు, గోడ వెంబడి నిలబడి తినడానికి ఒక కడప బండ, వెనక చేతులు కడుక్కునే కొళాయి. పెనం దగ్గర అన్న, బల్లల దగ్గర అక్క. ఎవరిని అడిగినా "అక్క హోటలా" అని దారి చూపిస్తారు. అసలు పేరు ఏమిటో నేనూ అడగలేదు.

నాకు 31 ఏళ్లు. ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున్నే "ఏమీ తినకుండానే వచ్చినారా?" అని పదిమందిని అడిగి రక్తం తీయడం నా పని. ఏ పండగ మధ్యాహ్నమైనా ఆ ప్రశ్న నన్ను అడిగి ఉంటే, "ఆఁ, తినకుండానే" అని చెప్పేవాణ్ణి.

2019లో ప్రొద్దుటూరులో మా చెల్లెలి పెళ్లి. మూడు రోజులుగా నిద్ర లేదు. మగపెళ్లివాళ్ల పంక్తిలో నన్నూ కూర్చోబెట్టారు. పక్కాయన, "బావగారికి ఇంగొక లడ్డు పడాల" అని వడ్డించేవాణ్ణి కేకేశాడు. వద్దని చెయ్యి అడ్డం పెట్టేలోపే ఆకులో రెండు పడ్డాయి. నోట్లో ఉన్న ముద్ద లోపలికి పోలేదు. లేచి పరిగెత్తాను గానీ కొళాయి దాకా చేరలేకపోయా. వీడియో తీసే అబ్బాయి కెమెరా దించనేలేదు. ఆ ముక్క కోసేయడానికి మా నాన్న వాడికి విడిగా 500 ఇచ్చినాడని తర్వాత తెలిసింది.

ఇక ఆ తర్వాత ప్రతి పండగకీ నాదొకటే ఎత్తు. వడ్డన. గరిటె చేతిలో ఉంటే ఎవరూ కూర్చోమని అనరు. "పిల్లోడు ఎంత పనిమంతుడో" అని మేనత్తలు మెచ్చుకునేవాళ్లు. అందరూ తిని లేచాక వంటింట్లో గోడకి తిరిగి, గబగబా రెండు ముద్దలు పెరుగన్నం తినేవాణ్ణి. ఆరేళ్లు అలాగే నడిచింది. ఒక సంక్రాంతికి మా పెద్దమ్మ గరిటె లాక్కుని, "ఈసారి నువ్వు కూసో, నేనేస్తా" అంది. తలనొప్పని చెప్పి మిద్దె మీదకి పోయి పడుకున్నా.

డాక్టర్ల దగ్గరికి పోలేదా అంటే పోయాను. ఒకచోట ఆకలి పెరగడానికి టానిక్ రాసిచ్చారు. ఆకలి ఎప్పుడూ బాగానే ఉంది, అదే కదా బాధ. ఇంకోచోట గొంతులోకి గొట్టం వేసి చూసి, అంతా నార్మల్ అన్నారు. 2025 జనవరిలో సంక్రాంతి అయ్యాక, ఎవరికీ చెప్పకుండా మానసిక వైద్యం ఓపీలో చీటీ రాయించుకున్నా. ఆ డాక్టరమ్మ చెప్పింది నాకు సూటిగా తగిలింది. భయం వేస్తే నోట్లో ఊట తగ్గుతుంది, గొంతు కండరాలు బిగుస్తాయి. ఎండిన నోట్లో ముద్ద దిగదు. దిగలేదని భయం ఇంకా పెరుగుతుంది. గొంతులో ఏదో ఉండ ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, గొట్టం వేసి చూస్తే ఏమీ కనపడదు. సన్నబడాలని తిండి మానేసే జబ్బు వేరే. అడ్డం పడుతుందేమో, వాంతి అవుతుందేమో అన్న భయంతో తిండి బాగా తగ్గించేసేది ఇంకొకటి. దానికి 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం పుస్తకంలో విడిగా పేరు పెట్టారట. బరువు తగ్గలేదు, ఒంటరిగా బాగానే తింటాను కాబట్టి నాది నలుగురిలో తినే భయమనే అన్నారు.

మందుల కన్నా ముందు ఒక పని చెప్పారు. బంధువులు లేని చోటు ఒకటి చూసుకుని, రోజూ ఒకే టైముకి పోయి, ఒకే కొలత తినాలి. గొంతు బిగుసుకున్నా లేచి రాకూడదు, అది తగ్గేదాకా అక్కడే ఉండాలి. ముద్ద ముద్దకీ నీళ్లు తాగడం, వాకిలి పక్కనే కూర్చోవడం, ఫోన్లో తల దూర్చడం ఒక్కొక్కటిగా మానాలి. అట్లా వెతుక్కుంటూ పోతే ఈ హోటలు దొరికింది.

మొదటి వారం పార్సిలే. రెండో వారం బండ దగ్గర నిలబడి, గోడ వైపు తిరిగి సగం దోసె. సగం దోసె అడిగితే చాలా హోటళ్లలో మన మొహం చూస్తారు. ఇక్కడ అక్క, "సగమా, సరే" అని అన్నకి చెప్పేసింది. దోసె 40, సగం 20. అంతే, ఎందుకని అడగలేదు.

నిలబడితే పెనం కళ్ల ముందే ఉంటుంది. అన్న పెనం మీద నీళ్లు చల్లి, చిన్న చీపురుతో ఒక తుడుపు తుడుస్తాడు. పిండి పోసి తిప్పినాక, ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు కలిపి రుబ్బిన ఎర్రకారాన్ని గరిటె వెనకతో అంచుదాకా పూస్తాడు. పైన పప్పుల పొడి చల్లుతాడు, నెయ్యి చుట్టూరా తిప్పుతాడు. అంచులు లేచి ఎర్రబడేదాకా కదిలించడు. ఆ చుంయ్ మనే చప్పుడులో నేను మింగే శబ్దం ఎవరికీ వినపడదని మొదట్లో నాకు పెద్ద ధైర్యం. (ఎవరూ వినరు, నాకే వినపడుతుంది.) కారం గొంతుకు పట్టేస్తుందనే భయముంటే, "కారం తగ్గించి పొడి ఎక్కువ" అనండి, చేసిస్తాడు.

మూడో వారం బల్ల మీద కూర్చున్నా. నా ఎదురుగా ఆర్టీసీ డ్రైవరు ఒకాయన ఉగ్గాని తింటున్నాడు. రెండో ముక్క నోట్లో పెట్టుకోగానే గొంతు మూసుకుపోయింది. చెవుల్లో గుండె కొట్టుకుంటోంది. వెనక కొళాయి ఎన్ని అడుగులుందో లెక్క పెట్టుకున్నా. తొమ్మిది. లేవలేదు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నా, నాలుగు నిమిషాలకి దానంతటదే వదిలింది. దోసె చల్లారి చెప్పులా అయ్యింది, అయినా తిన్నా. డ్రైవరు బజ్జీ తొడిమ పక్కన పెట్టి, నన్ను చూడకుండానే లేచిపోయాడు.

అక్క ఆ రోజు నా దగ్గరికి ఒకే ఒక్కసారి వచ్చింది. "ఇంగొకటి ఎయ్యాల్నా, చాలా?"

చాలన్నా. పోయి పక్క బల్ల తుడుచుకుంది.

వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. మా ఇళ్లల్లో వడ్డించేటప్పుడు అసలు ప్రశ్నే ఉండదు. "ఏస్కో", "ఇంతేనా", "ఏమబ్బా, మా ఇంటి కూడు బాగలేదా", "చిక్కిపోయినావు చూడు". మనం అనే మొదటి వద్దు మొహమాటం కింద పోతుంది, రెండోది మర్యాద కింద పోతుంది, మూడోది అనేలోపు ఆకు నిండిపోతుంది. ప్రేమ లేక కాదు, అదంతా ప్రేమే. కానీ అక్క అడిగే మాటలో "చాలా?" అన్నది కూడా ఉంది. చాలు అనడానికి ఆమే చోటు పెట్టి అడుగుతుంది. అది నేను ఇంటికి మోసుకెళ్లాలనుకున్నా.

మార్చి వచ్చింది, రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. మా ల్యాబ్ పక్క మెడికల్ షాపు వాడు నా స్నేహితుడు. ఫిబ్రవరిలో రెండుమూడుసార్లు నాతో వచ్చి తిన్నాడు. ఎవరైనా నన్నే చూస్తుంటే తినాలి, అదింకా మిగిలిందని చెబితే, "నేను రోజాలో ఉండా కదా, నువ్వు తిను, నేను చూస్తా" అన్నాడు. ఆకలితో ఉన్నవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నెయ్యి దోసె తినడం ఏం మర్యాదరా అంటే వినలేదు. పొద్దున ఏడున్నరకి వచ్చి, చేతులు కట్టుకుని నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు. మొదటి రోజు సగంలో సగం. ఐదో రోజుకి నవ్వొచ్చింది. అక్క వాడి వైపు చూసి ప్లేటు పెట్టబోయి, "రోజానా" అని వెనక్కి తీసుకుంది. ఆ ఒక్క మాట చాలు, ఇక ఎవరూ బలవంతం చేయరు. నాకు అసూయ వేసింది, నిజం చెప్పాలంటే.

ఇక్కడే ఇంకో మాట. ఓపీకి పోవాలంటే సిగ్గనిపించేవాళ్లకి 14416 ఉంది, టెలీ మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఉగాది మార్చి 30, ఆదివారం పడింది. మా అవ్వ వాళ్లది దేవుని కడప. రెండు రోజుల ముందు ఫోన్ చేసి చెప్పా. పెళ్లి సంగతి కాదు, ఒక్కటే: "అవ్వా, నాకు వడ్డించేటప్పుడు ఇంగొకటి ఎయ్యాల్నా, చాలా అని ఒకసారి అడగండి. చాలంటే వదిలేయండి. నాకు గొంతు పట్టేస్తాంది."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పెండ్లి కాడ నుంచేనా?" అంది.

ఆరేళ్లుగా ఎవరికీ తెలియదనుకున్నా.

పొద్దున వెంకన్న గుడికి పోయాం. ప్రతి ఉగాదికీ లాగే ముస్లిం కుటుంబాలు వచ్చాయి, స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారమ్మ వాళ్లింటి ఆడబిడ్డ కదా, టెంకాయలు పట్టుకుని వరసలో ఉన్నారు. నా కళ్లు మాత్రం ఇంటికి పోయాక పరచబోయే ఆకుల మీదే. పచ్చడి తిన్నాం. వేపపువ్వు గొంతుకు అడ్డం పడలేదు, దానికే పొంగిపోయా.

మధ్యాహ్నం 14 మందిమి కూర్చున్నాం. గరిటె నాకు దొరకలేదు, అవ్వే దాచిపెట్టింది. చిత్రాన్నం, అలసంద వడ, వంకాయ కూర, ఓళిగలు (బొబ్బట్లు), వాటిలోకి ఉడికించిన పప్పు కట్టుతో చారు. (మా వదినది కర్నూలు. ఓళిగల్ని బక్షాలంటుంది. ఏటా ఆ గొడవ ఉండనే ఉంటుంది.) అవ్వ నా పక్కనే పీట వేసుకుంది. మొదటి ఓళిగ దిగింది. చిన్నాయన అటు చివర నుంచి, "ఏమిరా, ఈసారి వడ్డన లేదా, కూసున్యావే" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. అంతే, నోరు ఎండిపోయింది. మేనత్త నెయ్యి గిన్నెతో వస్తోంది, ఇంకో చేతిలో రెండు ఓళిగలు. అవ్వ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "అడుగు," అంది.

"ఏమడగల్లమ్మా?"

"ఎయ్యాల్నా, చాలా అని అడుగు."

అత్త అయోమయంగా నా వైపు చూసి అడిగింది. సగం వేయమన్నా. సగమే వేసింది. నేను లేచి పెరట్లోకి పోయా, తొట్టి దగ్గర నిలబడ్డా. రెండు నిమిషాలు. అంతకు ముందైతే ఇక లోపలికి వచ్చేవాణ్ణి కాదు. వచ్చి కూర్చున్నా. ఆ సగం తిన్నా. చారన్నం వదిలేశా. చిన్నాయన ఏదో అనబోతే, అవ్వ ఆయన ఊరి బోరు సంగతి ఎత్తుకుంది.

హోటలు లోపాలు కూడా రాయాలి. కారం పెనం మీద పడ్డప్పుడు ఘాటుకి దగ్గు వస్తుంది. గొంతు భయం ఉన్నవాళ్లు పెనానికి దూరంగా, మూడో బల్ల పట్టుకోండి. ఆ బల్ల కాలు ఒకటి పొట్టి, కింద అట్టముక్క ఉందో లేదో చూసుకోండి. ఫోన్‌పే ఒక్కోసారి పనిచేయదు, చిల్లర ఉంచుకోండి. ఆదివారం పొద్దున తొమ్మిదికి మాత్రం పోవద్దు, బల్ల ఖాళీ కోసం మన వెనకే నిలబడతారు. ఉర్లగడ్డ కూర అడిగితేనే ఇస్తారు.

ఉగాది మరుసటి రోజు రంజాన్, స్నేహితుడి ఇంట్లో సేమియా. మంగళవారం హోటలుకు పోయా. అక్క ప్లేటు పెడుతూ, "పండగ ఎట్ల జరిగింది?" అంది. మూడు నెలల్లో ఆమె నన్ను ఒక సొంత ప్రశ్న అడగడం అదే మొదలు.

"ఒకటిన్నర," అన్నా.

"ఏంది ఒకటిన్నర?"

"ఓళిగలు."

ఆమెకేమీ అర్థం కాలేదు. పక్క బల్లకి నీళ్ల చెంబు అందిస్తూ, "నెయ్యేసినారా లేదా మరి?" అంది.