వార్తల ఫీడ్‌కి ఏది మేలు: చేత్తో అతికించిన ఎక్స్‌ఎంఎల్లా, ఫీడ్‌జెనా?

తిరుపతిలో ముగ్గురం కలిసి ఒక చిన్న వార్తల సైటు నడుపుతున్నాం. అలిపిరి దగ్గర ట్రాఫిక్ మళ్లింపులు, బంగారుపాళెంలో తోతాపురి మామిడి ధరలు, ఇలాంటివే ఎక్కువ. మొదట్లో ఫీడ్‌ను, అంటే కొత్త వార్తల్ని పాఠకుల యాప్‌లకు అందించే ఫైలును, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగులు (అక్షరాల ముక్కలు) అతికించి నేనే తయారుచేసేవాణ్ణి. పాతిక లైన్లలో పని అయిపోయేది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

ఒకరోజు శీర్షికలో ఒక షాపు పేరు మధ్య "&" గుర్తు వచ్చింది. ఫీడ్ రాసే ఫార్మాట్ అయిన ఎక్స్‌ఎంఎల్‌లో దాన్ని అలాగే వదలకూడదు. ఆ ఒక్క గుర్తు వల్ల ఫీడ్‌లోని ఇరవై వార్తలూ తెరుచుకోలేదు. ఇంకోసారి ఒక రైతు ఫోన్ చేశాడు: "ఏం సార్, పొద్దున ఆరింటి రేటు పదకొండున్నరకి పెడితే ఎట్లా?" వార్త ఆరింటికే పెట్టాం. టైమ్ పక్కన భారత సమయమని చెప్పే +0530 ఉండాల్సిన చోట నేను +0000 అని రాశాను, అందుకే ఐదున్నర గంటలు జరిగి కనిపించింది.

ఫీడ్‌లు రాసిపెట్టే ఫీడ్‌జెన్ అనే పైథాన్ లైబ్రరీ ఈ రెండు చోట్లా కాపాడుతుంది. "&" లాంటి గుర్తుల్ని తనే మార్చి రాస్తుంది. టైమ్‌జోన్ లేని తేదీ ఇస్తే తీసుకోదు, ఎర్రర్ చూపిస్తుంది. మొదట విసుగొచ్చింది కానీ ఆ పట్టింపే మాకు కావాల్సింది. దానికి ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఇంకో లైబ్రరీ తోడుండాలి. చవక హోస్టింగ్‌లో అది ఎక్కకపోతే పైథాన్‌లోనే ఉన్న ఎలిమెంట్‌ట్రీ వాడండి. గుర్తుల సంగతి అదీ చూసుకుంటుంది, తేదీలు మాత్రం మీరే జాగ్రత్తగా రాయాలి. స్ట్రింగులు అతికించే పద్ధతి ఎవరికీ చెప్పను.

ఫీడ్ రాసే రెండు పద్ధతుల్లో ఆర్‌ఎస్‌ఎస్ 2.0 (2002) కావాలా, ఆటమ్ (2005) కావాలా అన్నది చిన్న ప్రశ్నే. ఫీడ్‌జెన్ ఒకే వివరాలతో రెండూ రాసిస్తుంది. ఆడియో పెట్టేవాళ్లకి ఆర్‌ఎస్‌ఎస్ తప్పదు, పాడ్‌కాస్ట్ యాప్‌లు దాన్నే అడుగుతాయి. రాతవార్తలకు నా ఓటు ఆటమ్‌కే. ప్రతి వార్తకీ ఐడీ (ఆ వార్తను గుర్తుపట్టే గుర్తింపు), చివరిసారి మార్చిన సమయం తప్పనిసరి అంటుంది. ఆర్‌ఎస్‌ఎస్‌లో ఐడీ లేకపోయినా చెల్లుతుంది.

ఆ ఐడీ మాత్రం ఏ లైబ్రరీ కూడా మన బదులు ఆలోచించి పెట్టదు. మేం శీర్షిక నుంచే ఐడీ తయారుచేసేవాళ్లం. శీర్షికలో అక్షరదోషం దిద్దితే చాలు, పాత వార్తే కొత్తదిగా మళ్లీ అందరి ఫోన్లలో ప్రత్యక్షమయ్యేది. ఇప్పుడు డేటాబేస్‌లో వార్తకున్న నంబరునే ఐడీగా ఇస్తున్నాం. శీర్షిక ఎన్నిసార్లు దిద్దినా ఆ నంబరు మారదు.